ద్రాస్‌కు నలభై నిమిషాలు

హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్స్ వారు నడిపే తొమ్మిది రోజుల కశ్మీర్, లద్దాఖ్ ప్యాకేజీలో మేము దంపతులం గత జులై మొదటి వారంలో వెళ్లి వచ్చాము. వారి పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం వారొక్కరిదే కాదని, అవే ఊళ్లను అదే వరుసలో చూపించే మరి కొందరి కరపత్రాలు తెప్పించుకుని చూశాక నాకు తెలిసింది. హోటళ్లు శుభ్రంగా ఉన్నాయి. వంటవాణ్ణి వెంట తెచ్చుకుని మూడు పూటలా మన భోజనమే పెట్టారు. లేహ్‌లో కూర్చుని మజ్జిగ పులుసు తిన్నవాళ్లం భోజనం మీద ఫిర్యాదు చేస్తే కళ్లు పోతాయి. ఆ సంగతులన్నీ ఇంతటితో వదిలేస్తాను. ఈ సమీక్ష మూడో రోజు మధ్యాహ్నం గురించి, శ్రీనగర్ నుంచి కార్గిల్ వెళ్లే దారిలో ద్రాస్ దగ్గర ఉన్న 1999 కార్గిల్ యుద్ధ స్మారకం గురించి, అక్కడ మాకు కేటాయించిన సమయం గురించి మాత్రమే.

ప్రయాణానికి ముందు ఇచ్చిన కార్యక్రమ పత్రంలో మూడో రోజు కింద "ద్రాస్ వార్ మెమోరియల్, టీతో కలిపి 40 నిమిషాలు" అని ఒక వరుస ఉంది. నిజం చెప్పాలంటే నేను ఇద్దరికీ డబ్బు కట్టింది ఆ వరుస చూసే. దాల్ సరస్సు, పాంగాంగ్ సరస్సు మా ఆవిడ కోరిక, ద్రాస్ నాది. 1999లో నేను కాకినాడలో బ్యాంకు ఉద్యోగిని. ఆ వేసవిలో కౌంటరు ముందు నిలబడినవాళ్లంతా తోలోలింగ్, టైగర్ హిల్ అనే కొండల పేర్లను పక్క ఊళ్ల పేర్లంత చనువుగా పలికేవారు. యుద్ధం ముగిశాక, ఇరవై రెండేళ్ల అధికారి ఒకడు తన చివరి దాడికి ముందు ఇంటికి రాసిన ఉత్తరం గురించి చదివాను. ఆయన పేరు కెప్టెన్ విజయంత్ థాపర్. తాను చనిపోతేనే చేరవలసినదిగా రాసిన ఆ కాగితంలో, వీలైతే వచ్చి సైన్యం ఎక్కడ పోరాడిందో చూడమని ఇంటివాళ్లను ఆయన అడిగాడు. ఆ మాట ఆయన నాకు రాయలేదు. అయినా అది నాకు బాకీలాగే మిగిలిపోయింది. పదవీ విరమణ దాకా దాన్ని తీర్చే తీరిక దొరకలేదు.

మూడో రోజు ఉదయం అయిదింటికే బయలుదేరాలని ముందు రాత్రి గట్టిగా చెప్పారు. చెప్పినవాళ్లే ఆలస్యంగా లేవడంతో బండి కదిలేసరికి ఏడు దాటింది. సోన్‌మార్గ్ ఇంకా రాకముందే కార్యక్రమ పత్రంలో లేని ఒక శాలువాల దుకాణం దగ్గర ఆపారు. అక్కడ గంటా పావు పోయింది. దుకాణదారు మా మేనేజరు గారికి ప్రత్యేకంగా కాఫీ తెప్పించిన తీరు చూస్తే ఆ ఆగడం ఎవరి కోసమో అడగవలసిన పని లేదు. అమర్‌నాథ్ యాత్ర నడుస్తున్న రోజులు కావడంతో బాల్తాల్ వైపు పోయే బండ్ల వరుసలో మరికొంత సమయం గడిచింది. ఆ తర్వాత పదకొండున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న జోజిలా కనుమ వచ్చింది. అక్కడ ఎదురుగా సైనిక లారీల బారు వస్తే, కొండ అంచున చక్రం మోపి నిలబడి దారి ఇవ్వవలసిందే. ఆ కనుమ కింద సొరంగం తవ్వే పనిని మన హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థ చేపట్టింది. అది పూర్తయితే ఈ దారి శీతాకాలంలో మూతపడే బాధ తప్పుతుంది. ఏమైతేనేం, మేము ద్రాస్ చేరేసరికి మూడు కావస్తోంది. మేనేజరు గారు లేచి నిలబడి, ఆలస్యమైంది కాబట్టి నలభై నిమిషాలను అరగంట చేస్తున్నామని ప్రకటించారు. శాలువాల దగ్గర పోయిన గంటా పావును ఎవరి ఖాతాలో రాయాలో ఆయన చెప్పలేదు.

స్మారకం జాతీయ రహదారి పక్కనే, ద్రాస్ ఊరికి సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో, తోలోలింగ్ కొండ పాదం దగ్గర ఉంది. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి పేరు రాయించుకుంటే లోపలికి పంపుతారు; టికెట్టు లేదు. గేటు నుంచి తిన్నగా సాగే బాట పేరు విజయపథం. దాని చివర గులాబి రంగు ఇసుకరాతి గోడ, గోడ మీద ఇత్తడి పలకల్లో అమరుల పేర్లు, ముందు ఆరకుండా వెలిగే జ్యోతి, పక్కన పెద్ద జాతీయ జెండా ఉన్నాయి. ఇవన్నీ ఫొటోల్లో చూసినవే. ఫొటోలో పట్టనిది గోడ వెనక లేచిన కొండ. దాదాపు పదిహేను వేల అడుగుల శిఖరం అది. మనం నిలబడిన నేలే పదివేల ఎనిమిది వందల అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, ఇక్కడి నుంచి నాలుగు వేల అడుగులు పైకి ఎక్కితే కొన వస్తుంది. చెట్టు లేదు, పొద లేదు. రాళ్లు తప్ప మనిషి దాక్కోవడానికి ఏమీ లేదు.

ఈ భూగోళం అర్థం కాకపోతే 1999 యుద్ధం అర్థం కాదు. శీతాకాలంలో మంచుకు ఖాళీ చేసిన శిఖరాలను పాకిస్తాన్ సైనికులు ఆక్రమించుకుని కూర్చున్నారు. ఆ పైన దూరదర్శినితో కూర్చున్న ఒక్క మనిషికి కింద శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రహదారి అరచేతిలో గీతలాగా కనిపిస్తుంది. అతను చెప్పిన గుర్తుకు వెనక నుంచి ఫిరంగులు పేలతాయి. లద్దాఖ్‌కు బియ్యం, కిరసనాయిలు, మందుగుండు పోవలసిన దారి అది. కాబట్టి కొండను చుట్టుముట్టి, పైవాళ్ల తిండి అయిపోయేదాకా వేచి ఉండే వీలు లేదు. ఎక్కి తీసుకోవలసిందే. పగలు ఎక్కితే కనిపిస్తారు, రాత్రి ఎక్కితే దారి కనిపించదు. మే నెలాఖరు నుంచి 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ తోలోలింగ్ కోసం ప్రయత్నించి చాలామందిని పోగొట్టుకుంది. జూన్‌లో ఆ పని 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌కు వచ్చింది. విజయంత్ థాపర్ ఆ బెటాలియన్ వాడు.

ఇదంతా నాకు పుస్తకాల్లో చదివి తెలుసు అనుకున్నాను. జ్యోతి పక్కన నిలబడి వచ్చినవాళ్లకు యుద్ధం గురించి చెప్పే జవాను నోట విన్నాక, నాకు తెలిసింది పేర్ల జాబితా మాత్రమేనని ఒప్పుకోవలసి వచ్చింది. నేను చూసిన సేవల్లో దీనికే నూటికి నూరు మార్కులు వేస్తాను. ఆయనకు పాతికేళ్లు ఉంటాయేమో. యుద్ధం నాటికి బహుశా పుట్టి ఉండడు. గొంతు పెంచకుండా, చేతిలో కాగితం లేకుండా, వెనక కొండను వేలితో చూపిస్తూ పదిహేను నిమిషాలు హిందీలో చెప్పాడు. ఈ పక్క తోలోలింగ్, అటు దూరంగా కోసుగా కనిపించేది టైగర్ హిల్, ఆ వరుస వెనక త్రీ పింపుల్స్ అనే చోటు, దానికి చేరువలో నాల్ అనే దిబ్బ, లోన్ హిల్. మా బృందంలో హిందీ రాని పెద్దవాళ్లు అయిదారుగురు ఉన్నారు. జవాను ఆగినప్పుడల్లా నేను తెలుగులో చెప్పాను. అది గమనించి ఆయన ఆగే చోట ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు. అడగకుండానే చేసిన ఆ మర్యాదను ఇక్కడ రాయకుండా ఉండలేను.

విజయంత్ గురించి ఆయన చెప్పినది రెండు నిమిషాలే. మిగిలినది నాకు ముందే తెలిసినది కలుపుకుని చెబుతాను, ఎందుకంటే ఈ స్మారకానికి వెళ్లేవాళ్లు కనీసం ఒక్క మనిషి బతుకైనా మొదలు నుంచి చివరి దాకా తెలుసుకుని వెళ్లాలని నా అభిప్రాయం. ఆయన 1976 డిసెంబరు 26న పంజాబ్‌లోని నంగల్‌లో పుట్టాడు. తండ్రి కర్నల్ వి.ఎన్. థాపర్, తాత, ముత్తాత కూడా సైన్యంలో పనిచేసినవాళ్లే. చెన్నై దగ్గరి ఆవడిలో తయారై 1971 యుద్ధంలో పోరాడిన విజయంత ట్యాంకు పేరును బిడ్డకు పెట్టారు. ఇంట్లో పిలుపు మాత్రం రాబిన్. డెహ్రాడూన్‌లోని భారత సైనిక అకాడమీలో శిక్షణ ముగించుకుని 1998 డిసెంబరులో అధికారిగా 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరాడు. చనిపోయింది 1999 జూన్‌లో. అంటే ఆయన ఉద్యోగం మొత్తం కలిపి ఆరున్నర నెలలు. మా బ్యాంకులో కొత్తగా చేరినవాడికి ప్రొబేషన్ కూడా పూర్తికాని కాలం అది.

ఆ ఆరున్నర నెలల్లో కొంత భాగం కశ్మీర్‌లోని కుప్వాడాలో ఉగ్రవాదులను వెతికే పనిలో గడిచింది. అక్కడ ఆరేళ్ల పాప ఒకతె ఉండేది. తండ్రిని ఉగ్రవాదులు చంపడంతో ఆ పాపకు మాట పడిపోయింది. విజయంత్ వీలైనప్పుడల్లా వెళ్లి చాక్లెట్లు ఇచ్చి, కబుర్లు చెప్పి, ఆమెను మచ్చిక చేసుకున్నాడు. పాపకు సల్వార్ కమీజు కావాలని ఇంటికి, తల్లికి రాశాడు. యుద్ధవీరుల గురించి చెప్పేటప్పుడు ఇలాంటివి చివర్లో అలంకారంగా తగిలిస్తారు. ఈ యువకుడి విషయంలో ఇది అలంకారం కాదు. ఆ పాప సంగతి ఉత్తరంలో మళ్లీ వస్తుంది.

బెటాలియన్ ద్రాస్‌కు వచ్చాక, లెఫ్టినెంట్ కర్నల్ ఎం.బి. రవీంద్రనాథ్ నాయకత్వంలో జూన్ 12 రాత్రి తోలోలింగ్ మీద దాడి మొదలుపెట్టింది. తెల్లవారేసరికి శిఖరం చేతికి వచ్చింది. ముందుండి నడిపిన మేజర్ వివేక్ గుప్తా అక్కడే చనిపోయాడు. ఆ పోరులో బర్బాద్ బంకర్ అని పిలిచే శత్రు స్థావరాన్ని విజయంత్ తన మనుషులతో పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లవాడికి అది మొదటి పెద్ద యుద్ధం. తోలోలింగ్ గెలుపుతో యుద్ధం దిశ మారిందని అందరూ రాస్తారు, అది నిజం. అయితే గెలిచినవాళ్లకు దక్కింది రెండు వారాల వ్యవధి మాత్రమే. జూన్ 28 రాత్రికి అదే బెటాలియన్‌కు త్రీ పింపుల్స్, నాల్, లోన్ హిల్ తీసుకునే పని పడింది.

జవాను మాటలు ముగిసేసరికి మా అరగంటలో ఇరవై నిమిషాలు అయిపోయాయి. బయట బండి హారను ఒకసారి మోగింది. నేను దాన్ని విననట్టే నడిచి ఎడం పక్కన ఉన్న గ్యాలరీలోకి వెళ్లాను. యుద్ధంలో పరమవీర చక్ర పొందిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే పేరు దానికి పెట్టారు. ఆయన కూడా ఇరవై నాలుగేళ్లవాడే. జులై 3న ఖాలుబార్ వద్ద చనిపోయాడు. లోపల కొండల నమూనా, ఫొటోలు, పట్టుబడిన ఆయుధాలు ఉన్నాయి. కొండల నమూనా దగ్గర తప్పకుండా ఆగండి, బయట జవాను చూపించిన శిఖరాలన్నీ అక్కడ పై నుంచి చూసినట్టు కనిపిస్తాయి. ఆయుధాల గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. ఆ వరుస ముందు కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు, నేను పక్కగా దాటిపోయాను. నేను వెళ్లింది ఉత్తరం దగ్గరికి.

ఇంగ్లీషులో, చేతిరాతలో ఉన్న ఉత్తరం అది. దాడికి బయలుదేరే ముందు రాసి ఒక స్నేహితుడి చేతికి ఇచ్చి, తిరిగి వస్తే చింపెయ్యమని, రాకపోతే ఇంటికి చేర్చమని చెప్పి వెళ్లాడు. ఈ ఉత్తరం మీకు అందేసరికి నేను అప్సరసల ఆతిథ్యం అందుకుంటూ ఆకాశం నుంచి మిమ్మల్ని చూస్తుంటాను అన్న అర్థం వచ్చే మాటతో మొదలవుతుంది. తనకు విచారం లేదని, మళ్లీ మనిషిగా పుడితే మళ్లీ సైన్యంలోనే చేరతానని అంటాడు. ఈ వాక్యాలే ప్రసంగాల్లో వినిపిస్తుంటాయి. అప్సరసల మాటను చాలామంది కుర్రతనపు చమత్కారంగా తీసుకుంటారు, చమత్కారం అందులో ఉంది కూడా. కానీ మన పల్లెల పొలిమేరల్లో నిలిపిన వీరగల్లులను చూసినవాళ్లకు అది మరోలా తోస్తుంది. ఆ రాళ్ల మీద కింది వరుసలో కత్తి పట్టి పోరాడుతున్న మనిషి, నడిమి వరుసలో అతన్ని చెరో పక్క పట్టుకుని తీసుకుపోతున్న అప్సరసలు, పై వరుసలో శివుడి సన్నిధి ఉంటాయి. కారంపూడిలో పల్నాటి వీరుల గుడికి వెళ్లినవాణ్ణి కాబట్టి, బాలచంద్రుడి కథ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, నాకు ఆ ఇంగ్లీషు వాక్యం రాతి మీద చెక్కిన నడిమి వరుసలాగా కనిపించింది. పంజాబీ కుర్రవాడు కాగితం మీద రాసుకున్న దాన్నే మనవాళ్లు ఎన్నో శతాబ్దాల క్రితం రాయి మీద చెక్కి పెట్టుకున్నారు.

అక్కడి నుంచి ఉత్తరం ఇంటి లెక్కల్లోకి దిగుతుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ భాగమే. తన అవయవాల్లో తీసుకోదగినవి ఏవైనా ఉంటే తీసుకోనివ్వమంటాడు. తన సైనిక దళం (కంపెనీ) గుడిలో కర్ణీమాత అనే దేవత పక్కన తన ఫొటో పెడతారని ఆశపడతాడు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకు ఇక్కడ జరిగిన త్యాగం గురించి చెప్పాలంటాడు. అనాథాశ్రమానికి కొంత డబ్బు ఇమ్మంటాడు. కుప్వాడా పాపకు నెలకు 50 రూపాయలు ఇస్తూ ఉండమంటాడు. ఇంకొన్ని గంటల్లో చావు ఎదురుపడవచ్చని తెలిసినవాడు, ఊరికి పోతూ పాలవాడి లెక్క అప్పజెప్పినంత మామూలుగా ఆ మాట రాశాడు. అమ్మా, నేను చేసిన తప్పులన్నీ క్షమించు అన్నాడు. ఆ తర్వాత తన దాడి జట్టులో పన్నెండుమంది ఉన్నారని, వాళ్లను కలుసుకునే వేళ అయిందని చెప్పి, జీవితాన్ని రాజాలా గడపమని ఇంటివాళ్లను దీవించి, మీ రాబిన్ అని సంతకం చేశాడు.

నేను మొత్తం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతున్నప్పుడే హారను రెండోసారి, మూడోసారి మోగింది. మా మేనేజరు గారు స్వయంగా గ్యాలరీ గుమ్మం దగ్గరికి వచ్చి, "సార్, కార్గిల్‌లో భోజనం చల్లారిపోతుంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పద్నాలుగు మందిని పద్నాలుగు దిక్కుల నుంచి పోగు చేసుకోవడం ఆయన ఉద్యోగం. కానీ చల్లారే భోజనం మాట ఆ ఉత్తరం ఎదుట వినవలసి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇంకో అరగంట కావాలని, అవసరమైతే మేమిద్దరం వేరే టాక్సీ చేసుకుని కార్గిల్ వస్తామని చెప్పాను. అప్పటికే బండి ఎక్కి కూర్చున్న ఒక పెద్దాయన దిగి వచ్చి, "ఆయన చెప్పేది వింటున్నాం కదయ్యా, ఉండనీ" అని నా పక్షాన మాట్లాడారు. చివరికి మాకు దక్కిన సమయం గంటా ఇరవై నిమిషాలు. బృందంలో ముగ్గురు మాత్రం తిరుగు ప్రయాణం దాకా నాతో సరిగా మాట్లాడలేదు. చలిలో బండిలో కూర్చోబెట్టినందుకు వాళ్ల కోపంలో న్యాయం లేదని నేను అనను.

దొరికిన ఆ అరగంటలో బయటికి వచ్చి, జూన్ 28 రాత్రి జరిగినదాన్ని కొండ ఎదుట నిలబడి మళ్లీ చెప్పుకున్నాము. ఆ రాత్రి నిండు పున్నమి. వెన్నెల్లో కొండ ఎక్కేవాడు పైవాడికి పగటిలాగే కనిపిస్తాడు. దాడికి సిద్ధమవుతుండగానే శత్రువుల ఫిరంగి గుళ్లు విజయంత్ ప్లాటూన్ మీద పడి కొందరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. మిగిలినవాళ్లను కూడగట్టుకుని, దారి మార్చుకుని ఆయన ముందుకు సాగాడు. ఇరువైపులా లోతైన లోయ ఉన్న సన్నటి గట్టు మీద నడక అది, పక్కకు తప్పుకునే చోటు లేదు. ఆ రాత్రి అదే బెటాలియన్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య తీవ్రంగా గాయపడి, కదలలేని స్థితిలో తనను వదిలి శత్రువు మీదికి వెళ్లమని తన మనుషులను ఆదేశించి చనిపోయాడు. నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ కెంగురూసే నున్నటి రాతి మీద బూట్లు జారుతుంటే వాటిని విప్పి పారేసి, వట్టి కాళ్లతో ఎక్కి పోరాడి చనిపోయాడు. తన సీనియర్లు పడిపోయారని తెలిశాక విజయంత్ ఆగలేదు. పదిహేను మీటర్ల దూరంలో మెషిన్ గన్లు కాలుస్తుండగా వాటిని అణచడానికి సహచరుడు ఒకరితో కలిసి ముందుకు కదిలినప్పుడు తూటాలు తలకు తగిలి, ఆ సహచరుడి చేతుల్లోనే ఒరిగిపోయాడు. తెల్లవారితే జూన్ 29. నాల్ మన చేతికి వచ్చింది. విజయంత్‌కు మరణానంతరం వీరచక్ర ఇచ్చారు. పద్మపాణి, కెంగురూసేలకు మహావీర చక్ర.

మా బృందంలో అందరూ హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి వాళ్లే. పద్మపాణి హైదరాబాద్‌లో పెరిగి ఉస్మానియాలో చదివినవాడని వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. ఒడిశా మూలాలున్న కుటుంబం, తండ్రి వాయుసేన అధికారి. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతి అయిన తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందని కోరాడు. ఆయన పోయాక పాప పుట్టింది. ఒకే రాత్రి, ఒకే కొండ మీద పోయిన ఇద్దరి ఉత్తరాల్లోనూ ఒక చిన్న పాప ఉంది. ఇది నేను చెప్పాక, అంతసేపూ ఫోన్‌లో సిగ్నల్ కోసం వెతుకుతున్న ఒకావిడ ఫోన్ సంచిలో పెట్టేసి, గోడ మీద ఆ పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది. కళ్లద్దాలు మార్చుకుని ఇద్దరం వెతికాము. పేర్ల మధ్య పేరు వెతకడానికి పట్టే సమయాన్ని కూడా ట్రావెల్స్ వాళ్లు లెక్కలో వేసుకోవాలి.

స్మారకం పక్కన వీరభూమి అనే చోట అమరుల పేర్లతో రాళ్లు వరుసగా నిలిపారు. నిశ్శబ్దంగా ఉండమని ఎవరూ చెప్పకుండానే అక్కడికి వెళ్లినవాళ్లు గొంతు తగ్గించుకుంటున్నారు. సెల్ఫీలు జెండా దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ యుద్ధంలో మనవైపు 527 మంది చనిపోయారు. అంకెగా చదివినప్పుడు అది ఎంతో తెలియదు. రాళ్ల మధ్య నడిచినప్పుడు, ఒక వరుస ముగిశాక మరో వరుస మొదలవుతున్నప్పుడు కాళ్లకు తెలుస్తుంది.

ఇక వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాటలు. ఆవరణలో జ్ఞాపికలు అమ్మే దుకాణం, చిన్న క్యాంటీన్ ఉన్నాయి. నేను ఒక కప్పు, మా మనవడికి ఒక టోపీ కొన్నాను; సరుకు బాగుంది, బేరాలు లేవు. టీ వేడిగా దొరుకుతుంది, ఆ గాలిలో అంతకంటే అడగకూడదు. జులైలో కూడా మధ్యాహ్నం మూడు దాటాక గాలి చెవులను కోస్తుంది కాబట్టి స్వెట్టరు, మఫ్లరు పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి. అదే సమయంలో ఎండ ముఖాన్ని మాడుస్తుంది, టోపీ తప్పనిసరి. గాలి పలచన వల్ల విజయపథం మీద వేగంగా నడిస్తే ఆయాసం వస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు శ్రీనగర్‌లో రెండు రాత్రులు గడిపి, వైద్యుణ్ణి అడిగి రావడం మంచిది. ఆధార్ కార్డు అసలు దగ్గర ఉండాలి. జులై 26 విజయ దివస్ సందర్భంగా వెళ్తే అమరుల కుటుంబాలను, పాత సైనికులను చూడవచ్చు, కానీ భద్రత, రద్దీ వల్ల తీరికగా ఉత్తరం చదివే అవకాశం ఉండకపోవచ్చు. నా ఓటు మామూలు రోజుకే.

అన్నిటికంటే ముఖ్యం, వీలైతే ప్యాకేజీలో ఈ రోజును విడదీయండి. శ్రీనగర్ నుంచి ద్రాస్ దాదాపు 140 కిలోమీటర్లు, అక్కడి నుంచి కార్గిల్ మరో 60. రెండిటినీ ఒకే రోజులో తోసేస్తే ద్రాస్ టీ తాగే చోటుగానే మిగులుతుంది. ద్రాస్‌లో సాదా గదులు దొరుకుతాయి. ఒక రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే స్మారకానికి వెళ్తే ఎండ కొండ మీద పడి, జవాను చూపించే ప్రతి గట్టూ స్పష్టంగా కనిపిస్తుంది. లేదా కార్గిల్‌లో దిగి, మరుసటి ఉదయం టాక్సీలో వెనక్కి రావచ్చు. రెండున్నర గంటలు కనీసం పెట్టుకోండి. జవాను చెప్పేది విని, నమూనా చూసి, ఉత్తరం చదివి, మళ్లీ బయటికి వచ్చి కొండను చూడటానికి అంత సమయం పడుతుంది. ఈ చివరి పనిని ఎవరూ చేయరు, నన్నడిగితే అదే ముఖ్యం.

ట్రావెల్స్ వారికి నేను ఇచ్చే మార్కులు ఇవి: బసకు అయిదుకు నాలుగు, భోజనానికి అయిదుకు అయిదు, డ్రైవరుకు అయిదుకు అయిదు, ద్రాస్‌కు అయిదుకు ఒకటి. ఆ ఒకటి కూడా హారను మోగించి మోగించి చివరికి ఆగినందుకు. శాలువాల దుకాణాన్ని తీసేసి ఆ గంటా పావును ఇక్కడికి మారిస్తే, పైసా ఖర్చు పెరగకుండానే ఈ ప్యాకేజీ మిగిలినవాటికంటే మెరుగవుతుంది. ఈ మాట వారికి విడిగా రాసి పంపాను. తెలుగులో నాలుగు మాటలు చెప్పగల గైడును వెంట పంపమని, లేకపోతే ముందు రాత్రి హోటల్‌లో ఉత్తరం తెలుగు అనువాదాన్ని తలా ఒక కాగితం ఇవ్వమని కూడా కోరాను. కొడుకు కోరిన ప్రకారం కర్నల్ థాపర్ ఈ కొండల దగ్గరికి ఒకసారి కాదు, ఎన్నోసార్లు వచ్చారు. ఆయన వచ్చిన దారినే మేమూ వచ్చామని ఎవరైనా బండిలో మాకు ముందే చెప్పి ఉంటే, ఆ ముగ్గురు సహయాత్రికులు కూడా దిగి ఉండేవారేమో.

చివరి రోజు లేహ్ విమానాశ్రయంలో అభిప్రాయ పత్రం ఇచ్చారు. మీకు ఎక్కువ నచ్చిన ప్రదేశం ఏది, ఒకదానికి టిక్కు పెట్టండి అని ఉంది. దాల్ సరస్సు, గుల్‌మార్గ్, సోన్‌మార్గ్, పాంగాంగ్, నుబ్రా, ఖర్దుంగ్ లా అనే ఆరు గళ్లు ఉన్నాయి. ద్రాస్‌కు గడి లేదు. కింద మార్జిన్‌లో నేనే ఒకటి గీసి, పక్కన పేరు రాసి, టిక్కు పెట్టి ఇచ్చాను.